మూడో పాటలో దగ్గు

14 జూలై 1986, తొర్రూరు, మధ్యాహ్నం

నా భార్య గొంతు ఈ రోజు తొర్రూరు బస్టాండులో విన్నాను. మనిషేమో మానుకోటలో మా ఇంట్లో ఉంది.

బ్లాంక్ క్యాసెట్ల పార్సెల్ తీసుకుందామని వచ్చాను. బస్సుకు టైముంది కదా అని కనకయ్య హోటల్లో చాయ్ చెప్పాను. గల్లాపెట్టె మీద టేప్‌రికార్డర్ మోగుతోంది. మొదట గుర్తుపట్టలేదు. గొంతు సన్నగా, పెళ్లికాని పిల్ల పాడినట్టు ఉంది. కాపీ కొట్టిన వెధవ డెక్ స్పీడ్ కూడా చూసుకోలేదు. తర్వాత మూడో పాట వచ్చింది, వాగు పాట. నిండు వాగు మా ఊరి వాగు ఉయ్యాలో, దారియ్యవే తల్లీ ఉయ్యాలో. ఆ వెంటనే ఖళ్ ఖళ్‌మని దగ్గు.

అది నా దగ్గు.

పోయిన బతుకమ్మ పండగ ముందు మా షాపు వెనక గదిలో కిటికీలకు గొంగళ్లు కట్టి అరుణతో వాళ్ల అమ్మమ్మ కట్టిన పాటలు రికార్డు చేశాను. గొంగడి నూగు గొంతులో పడి మూడో పాట మధ్యలో దగ్గాను. మళ్లీ పాడమన్నాను. అంతలో కరెంటు పోయింది. వచ్చాక, ఒకసారి పాడిన పాట మళ్ల పాడ, నీ దగ్గు నువ్వే తుడుసుకో పో అంది. తుడిస్తే పాట కూడా పోతుంది. అలాగే వదిలేశాను. శ్రీపాల్ రికార్డింగ్ సెంటర్ అని కవర్ అచ్చువేసి అమ్మాను. మానుకోటలో బాగానే పోయాయి. తొర్రూరుకు ఒక్కటి కూడా నేను పంపలేదు.

పక్క బల్ల దగ్గర లారీ వాళ్లు కూర్చున్నారు. ఒకడు బల్ల మీద దరువు వేస్తున్నాడు. ఇంకొకడు ఇసొంటి గొంతున్న ఆడిమనిషి ఇంట్ల ఉంటే నేనైతే లారీ అమ్ముకొని ఇంట్లనే కూసుంటా అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె మొగడిని నేనే అని చెప్పాలనిపించింది. చెబితే ఇంకేం మాట్లాడతారో అని భయం వేసింది. చాయ్ చల్లారిపోయింది.

ఇంకొక విచిత్రం. ఆ దగ్గు వచ్చే చోట కనకయ్య కూడా దగ్గాడు, సరిగ్గా దానితో పాటే. జలుబా అని అడిగాను. కాదు సారూ, గది పాటల ఉన్నదే గద అన్నాడు.

క్యాసెట్ ఎక్కడ కొన్నావంటే ఎదురుగా చూపించాడు. కొండల్ షాపు.


అదే రోజు, సాయంత్రం

కొండల్ నాతో మానుకోట హైస్కూల్లో పదో తరగతి దాకా చదివాడు. ఇప్పుడు తొర్రూరులో నాలాంటి షాపే పెట్టాడు. నాది సింగిల్ డెక్. వాడిది డబుల్ డెక్, హైదరాబాద్ నుంచి తెచ్చింది. ఒక క్యాసెట్ ఇటు పెడితే అటు ఇంకొకటి పుడుతుంది.

అరలో అరుణ క్యాసెట్లు పేర్చి ఉన్నాయి. కవర్ వేరే. పసుపు రంగు మీద తంగేడు పూలు. కింద పెద్ద అక్షరాలతో, పాడినవారు: అరుణ, మానుకోట.

నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

కొండల్ కొంచెం కూడా జంకలేదు. ఏం రా శ్రీపాలూ, గింత మంచి గొంతును మానుకోటలనే కట్టేసి ఉంచుతవా, నేను ఊరూరికి పంపిన, మహదేవపూర్ దాక పోయింది అన్నాడు. ఇది దొంగతనం అన్నాను. నువ్వు సినిమా పాటలు ఎవల్ని అడిగి ఎక్కిస్తున్నవ్ అన్నాడు. అది సర్వీస్, ఇది దొంగతనం అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు 1969 నుంచి తెలుసు.

తెలంగాణ కావాలని అప్పుడు బళ్లు బందు. మానుకోట బజారులో ఊరేగింపు. నినాదం నేను కట్టాను, లెక్కల నోట్సు వెనక రాసుకుని. నాకు నలుగురిలో గొంతు పెగలదు. కొండల్ ఆ కాగితం లాక్కుని ఎవరి భుజాల మీదకో ఎక్కి అరిచాడు. బజారంతా వెంట అరిచింది. లాఠీ దెబ్బ వాడికి తగిలింది, దండ వాడికి పడింది. ఆ మాటలు ఎవరివని ఈనాటికీ ఎవరూ అడగలేదు. ఇప్పుడు నా క్యాసెట్ కూడా వాడిదే అయి కూర్చుంది.

ఆమె పేరు వేయడానికి నువ్వెవడివి అన్నాను. చెల్లె పాడింది గద, చెల్లె పేరు ఎయ్యకపోతే ఎట్ల అన్నాడు. చెల్లె అంట! మా లగ్గంలో మూడు పూటలు భోజనం చేసి, చుట్టం అయిపోయాడు. ఒక క్యాసెట్ కొంటానంటే డబ్బులు వద్దని చేతిలో పెట్టాడు. విసిరికొట్టాలనుకున్నాను. బ్యాగులో వేసుకున్నాను.


15 జూలై

దాచడం నాకు చేతకాదు. బ్యాగులో టిఫిన్ డబ్బా తీస్తుంటే అరుణకు ఆ క్యాసెట్ దొరికింది.

గడప మీద కూర్చుని కవర్ చదివింది. ఒక్క లైన్ చదవడానికి అంతసేపు ఎందుకు? ఇంటర్ దాకా చదివిన మనిషి. నా పేరు అచ్చుల చూసుకునుడు గిదే మొదలు అంది. పెళ్లి పత్రిక మీద ఉంది కదా అన్నాను. గది పెండ్లిపిల్ల పేరు, గిది నా పేరు అంది.

మరి మనం వేసిన కవర్ మీద ఏమున్నది అని అడిగింది. తెలియక కాదు, నా నోటితో చెప్పించాలని. పైన షాపు పేరు. మధ్యలో నా ఫోటో, టై కట్టుకున్నది. కింద, పాడినవారు: ఒక గృహిణి.

అవ్వ బాధపడుతుందని అలా వేశాను, పటేలింటి కోడలి పేరు బస్టాండులో వేలాడితే అవ్వకు ఎట్ల ఉంటది అన్నాను. మా అవ్వ సత్తమ్మ, అరుణకు అత్త, అప్పుడు పెరట్లో ఉంది. అరుణ ఆ వైపు ఒకసారి చూసి, లేచి వెళ్లిపోయింది.


17 జూలై

ఆ కవర్ అరుణ ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో ఉంది. నేను వెతకలేదు. సరే, వెతికాను.


22 జూలై

పోలీస్ స్టేషన్‌కు పోయాను. కాపీరైట్ అనగానే సబ్ ఇన్‌స్పెక్టర్ ఉత్సాహంగా లేచాడు. పద, నీ షాపు చూద్దాం అన్నాడు. నా షాపు ఎందుకో నాకు అర్థం కాలేదు. అక్కడికి పోయాక అర్థమైంది.

గోడ మీద నా బోర్డు ఉంది. మీకు నచ్చిన సినిమా పాటల లిస్టు ఇవ్వండి, సాయంత్రానికి రికార్డు చేసి ఇవ్వబడును. నేనే రాసింది, ఎర్ర పెయింటుతో. ఆయన దాన్ని బజారంతా వినేలా పైకి చదివాడు. కేసు పెట్టమంటే పెడతాను గాని, ఈ షాపుతోనే మొదలుపెట్టాలి కదయ్యా అన్నాడు. కృష్ణా జిల్లా మనిషి. నా మాట విని మొదటినుంచీ ముసిముసిగా నవ్వుతున్నాడు.

పోతూ పోతూ మా ఆవిడకు ఆ బతుకమ్మ క్యాసెట్ ఒకటి ఇవ్వు, ఒరిజినలే ఇవ్వు అన్నాడు. ఇచ్చాను. తమరు కూడా వింటారా సార్ అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. బోర్డు తీసి లోపల పెట్టాను.


2 ఆగస్టు, జనగామ

పొద్దున రైలుకు జనగామ వచ్చాను. జగపతి సార్ ఇక్కడి కోర్టులో వకీలు, మా బాపుకు తెలిసినాయన. రెండు క్యాసెట్లూ టేబుల్ మీద పెట్టాను.

ఆయన పుస్తకం తిరగేశాడు. రెండేళ్ల కింద చట్టం మారిందట. క్యాసెట్ మీద తయారు చేసినవాళ్ల పేరు, అడ్రసు ఉండాలట. దొంగ కాపీ తీసినవాడికి జైలు కూడా పడుతుందట. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఇది నీ రికార్డే అని ఎట్ల రుజువు చేస్తవు, అదే మనిషి ఇంకోసారి పాడిందంటే ఏం జేస్తవ్ అన్నాడు.

దగ్గు ఉంది సార్ అన్నాను.

రెండు క్యాసెట్లూ పెట్టి విన్నాడు. ఒకటే చోట ఒకటే దగ్గు. ఇది కొండల్ దగ్గు కాదని ఏమిటి నమ్మకం అన్నాడు. ఏదీ, జర దగ్గు అన్నాడు. దగ్గాను. ఇంకోసారి అన్నాడు. గుమస్తా, ఇద్దరు పార్టీలు, చాయ్ తెచ్చినతను, అందరూ చూస్తుండగా దగ్గుతూ నిలబడ్డాను. జగపతి సార్ తల ఊపాడు. దీన్ని మించిన సాక్ష్యం లేదు, దగ్గు జాగ్రత్తగ పెట్టుకో అన్నాడు.

అసలు మాట తర్వాత చెప్పాడు. పాట మీ ఆవిడ అమ్మమ్మ కట్టింది, ఆమె పోయింది, అది ఊరందరి నోట్లో ఉన్న పాట. గొంతుకు చట్టంలో హక్కు లేదు. రికార్డు ఎవరు తయారు చేస్తే వాళ్లదే. కాబట్టి ఈ క్యాసెట్ మొత్తం నీదే, మీ ఆవిడకు ఇందులో ఏం లేదు.

మొత్తం నాదే. తిరుగు రైల్లో ఆ మాటే అనుకుంటూ కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.


3 ఆగస్టు

అరుణ చిక్కుడుకాయలు వలుస్తుంటే వకీలు అన్నది అన్నట్టు చెప్పాను. సంబరంగానే చెప్పాను.

పాట మా అమ్మమ్మది, గొంతు నాది, మరి నీదేంది అంది. టేపు నాది అన్నాను. మైకు నాది, గది నాది, గొంగళ్లు నావి, కరెంటు బిల్లు కట్టింది నేను అన్నాను. చట్టం కూడా అదే అంటోంది అన్నాను.

వినబడేదాంట్ల దగ్గు ఒక్కటే నీది అంది. చిక్కుడుకాయల చాట తీసుకుని లోపలికి పోయింది.


4 ఆగస్టు

పొద్దుటినుంచి ఇంట్లో పాట లేదు.


5 ఆగస్టు

ఇవాళ కూడా లేదు.


9 ఆగస్టు

ఇన్నేళ్లలో నాకు తెలియనే లేదు, అరుణ ఎంత పాడేదో. నీళ్లు తోడేటప్పుడు, బియ్యం చెరిగేటప్పుడు, పొయ్యి ఊదే ముందు. విన్నట్టు కూడా ఉండేది కాదు, ఫ్యాన్ చప్పుడులాగ. ఇప్పుడు ఫ్యాన్ ఒక్కటే వినబడుతోంది.

షాపులో క్యాసెట్ పెట్టుకుని విన్నాను. నా పెళ్లాం పాట నేను షాపులో వినాల్సి వచ్చింది, గిరాకులతో పాటు. ద్వాళి అని లంబాడీ తండా నుంచి ఒకామె వస్తుంది, వాళ్ల పెళ్లి పాటల క్యాసెట్ల కోసం. ఆమె ఈ పాట మొత్తం విన్నాక, మొగడు మంచోడైతేనే ఆడిది గిట్ల పాడతది అంది. నేను క్యాసెట్ తిప్పి పెట్టాను.


10 ఆగస్టు

జగపతి సార్ పంపిన నోటీసు కొండల్‌కు అందింది. దాన్ని జేబులో పెట్టుకుని వాడు నేరుగా మా ఇంటికే వచ్చాడు. నేను షాపు నుంచి వచ్చేసరికి మా అవ్వ వాడికి సర్వపిండి పెడుతోంది. నోటీసు పంపినవాడి ఇంట్లో సర్వపిండి తింటున్నాడు!

వాడి మాట సూటిగా ఉంది. చెల్లె, నువ్వు హనుమకొండకు రా. అక్కడ మంచి స్టూడియో ఉన్నది. హార్మోనియం, డోలక్, తాళాలు అన్నీ పెట్టి మంచిగ రికార్డు జేద్దాం. కవర్ మీద నీ పేరు, నీ ఫోటో. గిది గీయన క్యాసెట్ గాదు, కొత్తది, గీయన కేసుతోటి మనకు పని లేదు.

గీయన అంటే నేను. నా ఇంట్లో, నా ఎదురుగా.

నేను ఒప్పుకోనన్నాను. పటేలింటి కోడలు స్టూడియోలకు పోవడం మా అవ్వకు నచ్చదన్నాను. అవ్వ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. నేనెప్పుడన్న బిడ్డా, నన్నెవలడిగిండ్రు అంది. నా కోడలు పాడితే మా బజార్ల ఆడోళ్లందరు నన్ను మెచ్చుకుంటున్నరు, దాని పేరెందుకు ఎయ్యలేదురా అని పోయినేడాది సంది నేనే అడుగుదామనుకుంటున్న అంది.

అరుణ నావైపు చూడలేదు. చూస్తే బాగుండేది.


11 ఆగస్టు

పోతాను అంది. నేను అరిచాను. ఏమేం అన్నానో రాయను. ఆమె ఒక్కసారే మాట్లాడింది. నా పేరు ఏసింది దొంగ, దాచింది మొగడు, నేను ఎవల దిక్కు ఉండాలె అంది.

నాకు కొండల్ మీద కోపం అనుకున్నాను ఇన్నాళ్లు. కోపం కాదు ఇది, కుళ్లు. లారీవాళ్ల మీద కుళ్లు, కనకయ్య మీద కుళ్లు. సబ్ ఇన్‌స్పెక్టర్ భార్య మీద కూడా. గొంతు మీదనే కుళ్లు. అది నన్ను అడగకుండా మహదేవపూర్ దాకా పోయి వచ్చింది. నేను ఇంతవరకూ మహదేవపూర్ చూడలేదు.


24 ఆగస్టు, హనుమకొండ

అవ్వ, అరుణ, నేను. నేను రానన్నాను, అవ్వ ఒక్క చూపు చూసింది.

స్టూడియోకు రెండు గదులు. మధ్యలో మందపాటి అద్దం. అరుణ అద్దం అవతల. మైకు నేను వాడేదానికంటే పెద్దది. కొండల్ ఇవతల మెషీన్ ముందు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు.

వరండా తలుపు అద్దం, లోపలి అద్దం, రెంటిలో నుంచీ ఆమె పెదవులు కదలడం కనిపిస్తోంది. ఒక్క అక్షరం వినబడదు. మొత్తం వాడి చెవుల్లోకి పోతోంది. వాడు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. ఒరేయ్, కళ్లు తెరువు అని అరవాలనిపించింది. తెరిస్తే ఆమెను చూస్తాడు. మూసుకోవడమే మేలు అనుకున్నాను, మళ్లీ అదీ నచ్చలేదు.

మూడో పాట వచ్చిందని పెదవులను బట్టి తెలిసింది. దారియ్యవే తల్లీ అన్నాక నాకు నిజంగానే గొంతు గరగరమంది. దగ్గాను. గట్టిగానే దగ్గాను. లోపల ఎవరూ తల తిప్పలేదు. గోడలకు ఏదో మెత్తటి అట్ట కొట్టారు, చప్పుడు పోదట. మా గొంగళ్లు దానిముందు ఏం నిలుస్తాయి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అరుణ కిటికీ పక్కన కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. అలిసిపోయినవా అని అడిగాను. లేదు అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ నాకు దొరకలేదు.


12 సెప్టెంబర్

కొత్త క్యాసెట్ వచ్చింది. అరుణ ఫోటో ఉంది. ఆ ఫోటో మా పెళ్లి ఆల్బంలోది. పక్కన ఉన్న నన్ను కత్తిరించారు. భుజం మీద నా చేతి వేళ్లు మాత్రం మిగిలాయి.

జగపతి సార్‌కు ఫోన్ చేశాను. పాత కాపీలు కొండల్ ఆపేసిండు, కొత్త రికార్డు వానిది, దానికి కాపీరైట్ వానికే ఉంటది, నువ్వు దాన్ని కాపీ కొడితే నిన్నే లోపలేస్తరు, జాగ్రత్త అన్నాడు. ఫీజు సంగతి నిదానంగా చూద్దాంలే అని కూడా అన్నాడు.


27 సెప్టెంబర్

తొర్రూరుకు పోయాను. పని ఏమీ లేదు. ఉంది, వినాలి.

కనకయ్య హోటల్లో పాత క్యాసెట్టే మోగుతోంది. కొత్తది కొనలేదా అన్నాను. కొన్న సారూ, వాపస్ ఇచ్చిన, అది డూప్లికేట్ అన్నాడు. కాదు కనకయ్యా, అదే మనిషి, ఇంకా మంచి స్టూడియోలో పాడింది అన్నాను. నాకే నవ్వు వచ్చింది, ఆ మాట నేను చెప్పాల్సి వచ్చినందుకు. కనకయ్య ఒప్పుకోలేదు. గొంతు ఎవలన్న అట్లనే జేస్తరు సారూ, కానీ దాంట్ల దగ్గు లేదు, అసలుదైతే దగ్గు ఉంటది అన్నాడు.

ఇంకా ఇద్దరు ముగ్గురు అదే అన్నారు. వర్ధన్నపేట నుంచి వచ్చిన ఒకామె ఏకంగా కొండల్ షాపు ముందే నిలబడి గొడవ పెడుతోంది. మూడో పాటల దగ్గు లేకుంట ఎట్లమ్ముతవ్, మమ్ముల ఎడ్డోళ్లను జేస్తవా అంటోంది. కొండల్ ఫోటో చూపిస్తున్నాడు, పేరు చూపిస్తున్నాడు. ఫోటో ఎవలదన్న ఏస్తరు, దగ్గు చూపియ్యి అంటోంది ఆమె.

నేను బస్సెక్కి మానుకోట దాకా నవ్వుతూనే వచ్చాను. పక్కన కూర్చున్నాయన దూరం జరిగాడు.


1 అక్టోబర్

కొండల్ వచ్చాడు. ఈసారి ఇంటికి కాదు, షాపుకు. చాలాసేపు క్యాసెట్ల అరలు చూశాడు. తర్వాత చెప్పాడు. శ్రీపాలూ, బతుకమ్మ ఎల్లుండి మొదలైతది, సరుకంత కదలకుంట పడ్డది, నువ్వు జర హనుమకొండ వచ్చి దగ్గాలె.

ఆ మాట విని ఎంత హాయిగా ఉందో! మళ్లీ చెప్పించుకున్నాను. దగ్గాలా? ఎక్కడ? ఎంత గట్టిగా? వాడు ఓపిగ్గా చెప్పాడు. పాత క్యాసెట్‌లోంచి కోసి అంటిద్దామనుకున్న గాని అది నీ రికార్డు గదా, మళ్ల నోటీసు ఇస్తవు అన్నాడు. అవును, ఇస్తాను అన్నాను. వీధిలో ఎవరైనా దగ్గేవాడిని పట్టుకుపో అన్నాను. పట్టుకుపోయిన, కుదుర్త లేదు, జనం పట్టేస్తున్నరు అన్నాడు.

నా పేరు వేస్తావా అని అడిగాను. దేనికి అన్నాడు. దగ్గుకు. వాడు నవ్వాడు. దగ్గుకు పేరేందిరా, పాట చెల్లెది గద, నువ్వు పక్కపొంటి దగ్గినవు అంతే గద అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ చోటులో ఉన్నది నేను, అమ్ముడు పోయేది నా వల్ల, పేరు లేకుండా ఎట్లా అని బల్ల గుద్ది అరిచాను.

అరిచాక చూస్తే వెనక గది తలుపు దగ్గర అరుణ నిలబడి ఉంది, నా అన్నం డబ్బాతో. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. డబ్బా బల్ల మీద పెట్టింది. మంచిగ అడుగుతున్నవ్, అడుగు అంది. వెళ్లిపోయింది.

డబ్బా పక్కకు జరిపాను. కొండల్‌కు రాను పో అని చెప్పాను.


3 అక్టోబర్

ఎంగిలిపూల బతుకమ్మ, పండగ మొదటి రోజు. అరుణ నిన్ననే తల్లిగారింటికి పోయింది, మొగుళ్లపల్లికి. ఆడబిడ్డలందరూ పోయేదే కదా. కానీ ప్రతి ఏడూ ఎప్పుడొస్తవ్ అని అడిగేది. ఈసారి అడగలేదు.


8 అక్టోబర్

ప్రెస్‌కు పోయి కొత్త కవర్ కంపోజ్ చేయించాను. పాడినవారు: అరుణ. కింద నా పేరు. ప్రూఫ్ చూస్తే నా పేరు ఆమె పేరు కంటే పెద్దగా ఉంది. నేను చెప్పలేదు, ప్రెస్ అతనే వేశాడు. షాపు ఓనరు కదా సార్ అన్నాడు. మార్చమన్నాను. మార్చేదాకా అక్కడే నిలబడ్డాను. నా ఫోటో తీసేయమని చెప్పేటప్పుడు మాత్రం కొంచెం బాధ వేసింది, టై బాగుంటుంది ఆ ఫోటోలో.


11 అక్టోబర్, మొగుళ్లపల్లి

సద్దుల బతుకమ్మ, పండగ చివరి రోజు. ప్రూఫ్ జేబులో పెట్టుకుని వచ్చాను. మా అత్తమ్మ ముత్తమ్మ పిలవకుండానే వచ్చిండు అల్లుడు అని మురిసిపోయింది. అరుణ తంగేడు, గునుగు పేరుస్తోంది. నన్ను చూసి పూల కట్ట విప్పమని ముందుకు తోసింది. విప్పాను.

పొద్దు వాలుతుండగా ఊరి ఆడవాళ్లందరూ బతుకమ్మలను మధ్యలో పెట్టి చుట్టూ తిరిగారు. మగవాళ్లం ఎడంగా నిలబడ్డాం. అరుణ వరసలోనే ఉంది గాని పాట ఎత్తుకున్నది ఆమె కాదు. ఎవరో కొత్తపిల్ల, లంగా ఓణీ వేసుకున్నది. క్యాసెట్‌లో నేర్చుకున్నదట. ఆమె ఒక లైన్ అంటే మిగతా అందరూ చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ అందుకుంటున్నారు. వాగు పాట వచ్చింది. నిండు వాగు మా ఊరి వాగు ఉయ్యాలో. దారియ్యవే తల్లీ ఉయ్యాలో.

చప్పట్లు ఆగాయి. ఆ పిల్ల ఖళ్ ఖళ్‌మని దగ్గింది. వెంటనే వలయంలో ఉన్న ఆడవాళ్లందరూ, ముసలివాళ్లు, పడుచులు, చంకన పిల్లలున్నవాళ్లు, ఒక్కసారిగా ఖళ్ ఖళ్‌మని దగ్గారు. అడుగు వేశారు. అవ్వ ఇల్లు అవతలొడ్డు ఉయ్యాలో అని పాట అందుకున్నారు.

ఎవరూ నవ్వలేదు. వాళ్లకు అది పాటే. అరుణ పుట్టిన ఊళ్లో, ఆమె అమ్మమ్మ కట్టిన పాటలో, ఇప్పుడు నేనూ ఉన్నాను. పేరు లేకుండా ఉన్నాను. పక్కన ఉన్న మా బావమరిదితో అది నా దగ్గు అని చెప్పాను. నీకేమన్న పిచ్చా బావా, గది పాటల దగ్గు అన్నాడు.

అరుణ వలయంలోంచి నన్ను చూసింది. ఆమె కూడా దగ్గింది. ఆమె కళ్లు నవ్వడం ఇంత దూరం నుంచి కూడా కనిపించింది. ఇట్లాగే ఉంటుందా పేరు పోతే, అనుకున్నాను. అందరూ ఆ పాటే అంటారు, అది నువ్వని ఎవరూ అనరు.

బతుకమ్మలు నీళ్లలో వదిలాక ప్రూఫ్ ఆమె చేతికి ఇచ్చాను. చీకట్లో చదవలేక లాంతరు దగ్గరకు పోయింది. మళ్లీ చాలాసేపు చదివింది. కొండల్‌కు ఇక పాడ అని నేను అనను, ఆయన పిలిస్తే పోత, నువ్వు పిలిచినా పాడత అంది. అది నాకు నచ్చలేదు. సరే అన్నాను.


19 అక్టోబర్, మానుకోట

వెనక గది. గొంగళ్లు కట్టాను. మూడో పాట. దారియ్యవే తల్లీ ఉయ్యాలో అని అరుణ ఆగింది. నావైపు చూసింది. నాకు దగ్గు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. టేపు తిరుగుతోంది. ఆమె నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు ఇన్నాళ్లూ నేనొక్కడినే విన్నాను. ఇప్పుడది టేపు మీద ఉంది.

తుడవలేదు.